రాజుగారి మోకాలు

2023లో వానలు బాగా పట్టిన రోజులవి. పోర్ట్ బ్లెయిర్‌లో నేను పనిచేసే ఫిజియోథెరపీ విభాగంలో నేల ఎంత తుడిచినా ఆరేది కాదు. అలాంటి ఒక ఉదయం మధ్య అండమాన్‌లోని రంగత్‌కు చెందిన స్తెఫను వచ్చాడు. వీల్‌చెయిర్ తోసుకొస్తున్నది వాళ్ళమ్మ కరుణమ్మ.

స్తెఫనుకు ఇరవై మూడేళ్ళు. పర్యాటకులను తిప్పే బోటులో పనిచేసేవాడు. అలలు పెద్దగా ఉన్న ఒక రోజు బోటును జెట్టీకి కడుతుంటే కుడికాలు బోటుకీ జెట్టీ గోడకీ మధ్య పడి నలిగిపోయింది. మోకాలి కింద నుంచి తీసేయవలసి వచ్చింది. దీన్ని మేము బిలో నీ ఆంప్యుటేషన్ అంటాం. వినడానికి కఠినంగా ఉంటుంది గాని, మోకాలు మిగిలింది కాబట్టి మా లెక్కలో అది మంచి కేసు. సొంత మోకాలు ఉన్నవాడు కృత్రిమ కాలితో నడక నేర్చుకున్నాక, ప్యాంటు వేసుకుని బజార్లో నడుస్తుంటే పక్కవాడు పోల్చుకోలేడు.

అయితే ఆ మోకాలు నిటారుగా చాపగలగాలి. కాలు తీసేసినవాళ్ళు రోజంతా కుర్చీలో మోకాలు వంచి కూర్చుంటే, తొడ వెనక కండరాలు ఆ వంపుకే అలవాటుపడి పొట్టిబడిపోతాయి. దాన్ని కాంట్రాక్చర్ అంటారు. అది ముదిరితే మోకాలు ఇక తెరుచుకోదు, కృత్రిమ కాలు అమర్చినా దాని మీద నిలబడలేరు. అందుకే వీల్‌చెయిర్ మీద ఒక చెక్క పలక పెట్టి, మిగిలిన కాలిని దాని మీద చాపుకుని కూర్చోమంటాం. రోజూ కొంతసేపు బోర్లా పడుకోమంటాం. తొడా మోకాలూ సాగడానికి అంతకంటే సులువైన మార్గం లేదు.

స్తెఫను కుర్చీకి పలక లేదు.

"వార్డులో ఇచ్చిన పలక ఏది?" అని అడిగాను.

"ఇంట్లో ఉంది దీదీ. దాని మీద పిన్ని కూరలు కోసుకుంటోంది."

ఊళ్ళోనే ఆస్టినాబాద్‌లో పిన్ని ఇంట్లో దిగారు తల్లీకొడుకులు. నేను నవ్వలేదు. మోకాలు చాపమన్నాను. సగం దాకా వచ్చి ఆగింది.

"నొప్పా?"

"నొప్పి కాదు. అవసరం లేదు."

కరుణమ్మ వెనక నుంచి అందుకుంది. "ఒరే, సిస్టర్ ఏటి సెప్తే అది సెయ్యి. క్రిస్మస్‌కి నువ్వు నడవాల. అయ్యగారు సంఘంలో సెప్పేసినారు."

ఆ మాట వినగానే అతను కుర్చీ చక్రాలు తనే తిప్పుకుని కిటికీ వైపు వెళ్ళిపోయాడు.

అయ్యగారు అంటే మా పాస్టరు గారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళు మా తెలుగు క్రైస్తవ సంఘానికే వచ్చేవారు. అంతకుముందు ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారు స్తెఫను తల మీద చెయ్యి ఉంచి, "ఈ కుమారుడు క్రిస్మస్ ఆరాధనకు నడిచి వచ్చి ఇక్కడ నిలబడి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతాడు" అని ప్రకటించారు. సంఘమంతా ఆమెన్ అంది. అందులో నా గొంతూ ఉంది. నేను పుట్టింది సంఘంలో, అక్షరాలు దిద్దింది సండే స్కూల్లో. ప్రార్థన రోగిని లేపుతుందని నమ్ముతాను. లోలోపల ఒక మాట దేవునికి చెప్పుకోకుండా ఏ పేషెంటునూ ముట్టుకోను.

ఆ రోజు కిటికీ దగ్గర అతని పక్కన నిలబడితే, నా వైపు చూడకుండా, "మీరూ ఆమెన్ అన్నారు కదా దీదీ," అన్నాడు.

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"అయితే మీ ఆమెన్‌తోనే చాపండి మోకాలు."

కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళ నోట ఇంతకంటే ఘాటైన మాటలు విన్నాను. నన్ను భయపెట్టింది మాట కాదు, మోకాలు. కృత్రిమ కాలికి కొలత తీసుకునే ప్రోస్థటిస్ట్ మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి. ఆయన వానలు తగ్గాక ఒకసారి వస్తారు. అప్పటికి మోకాలు చాపగలిగితే అచ్చు తీస్తారు. లేకపోతే మళ్ళీ ఎప్పుడో వచ్చేదాకా ఆగాలి. ఈ తీరున కూర్చుంటే అప్పటికి ఆ మోకాలికి ఆపరేషన్ తప్ప దారి ఉండదు. ఇదంతా అతనికి వివరంగా చెప్పాను. అర్థమైందన్నాడు. మర్నాడు మళ్ళీ పలక లేకుండానే వచ్చాడు.

కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం మా వరండా చివర నవ్వులు వినిపించాయి. స్తెఫను నవ్వగా వినడం అదే మొదలు. ఎదురుగా ఫిరోజ్ కూర్చుని ఉన్నాడు. రంగత్‌లో స్తెఫనుతో కలిసి చదువుకున్నవాడు, ఇక్కడ మొబైల్ రిపేర్ దుకాణంలో పనిచేస్తాడు. ఇద్దరి మధ్య బెంచీ మీద ఇరవై ముఖాల పాచిక ఒకటి దొర్లుతోంది.

పాచిక చూడగానే నా మొహం ఎలా మారిందో గాని, ఫిరోజ్ లేచి నిలబడ్డాడు. "జూదం కాదు దీదీ, పైసా కూడా పెట్టం. బైఠియే, చెబుతాను."

దాన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారట. ఒకడు కథ నడిపిస్తాడు, వాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు ఒక్కో పాత్రగా మారి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో తామే చెబుతారు. ప్రతి పాత్రకూ బలం, తెలివి, మంత్రశక్తి ఇన్నిన్ని అని పాయింట్లు ఉంటాయి. కష్టమైన పని చేయబోతే పాచిక వేసి నెగ్గిందీ లేనిదీ తేల్చుకుంటారు.

"మరి నువ్వెవరు?" అని స్తెఫనును అడిగాను.

"కాన్యూట్ రాజు."

ఆ కథ నాకు కంఠతా వచ్చు. సండే స్కూలు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండును ఏలిన రాజు. సభలోవాళ్ళు పొగిడి పొగిడి, మీరు ఆజ్ఞాపిస్తే సముద్రం కూడా ఆగుతుంది ప్రభూ అన్నారట. ఆయన సింహాసనాన్ని ఒడ్డున తడి ఇసుకలో వేయించి, కూర్చుని, అలలను ఆగమన్నాడు. అల వచ్చి పాదాలు తడిపింది. చూశారా, సముద్రానికి రాజు దేవుడొక్కడే అని సభవాళ్ళకు బుద్ధి చెప్పాడు. కథ అక్కడికి అయిపోతుంది.

స్తెఫను ఆ రాజును వేరేగా తయారుచేసుకున్నాడు. అతని కథలో సభికులు మాంత్రికులు. వాళ్ళు పొగిడిన ప్రతి మాటా ఒక బంగారు పోగై రాజును కుర్చీకి కట్టేస్తుంది. రాజు ముఖం చూస్తూ ఉన్నంతసేపూ వాళ్ళు పొగుడుతూనే ఉండగలరు. రాజుకు ఓర్పు నిండా పాయింట్లు ఇచ్చాడు. సముద్రాన్ని ఆజ్ఞాపించే శక్తి దగ్గర మాత్రం సున్నా వేశాడు.

"సున్నా ఎందుకు వేశావు?"

"నిజం కాబట్టి," అన్నాడు.

"ఇన్ని రోజుల నుంచీ ఒడ్డునే కూర్చున్నాడు దీదీ," అన్నాడు ఫిరోజ్. "డ్రాగన్ వచ్చినా లేవడు. నేను కథ ఎలా నడపాలి?"

ఆ రాత్రి ప్రార్థనలో చాలాసేపు గడిపాను. మాంత్రికులు, మాయలు, పాచికలు, ఇవి నేను పెరిగిన ఇంట్లో చొరబడనివి. సిలువ కింద సైనికులు యేసు వస్త్రం కోసం చీట్లు వేశారు. అది మనసులో మెదిలింది. కాని అపొస్తలులు కూడా ప్రార్థించి చీట్లు వేశారు కదా అన్న మాటా వచ్చింది. చివరికి ఒకటి తేల్చుకున్నాను. ఆ పిల్లవాడు నాతో మాట్లాడడం లేదు, ఆ రాజు నోటితో మాట్లాడుతున్నాడు. రాజు ఎక్కడ ఉంటే నేనూ అక్కడికే వెళ్ళాలి.

మర్నాడు వెళ్ళి, నన్నూ ఆటలో చేర్చుకోమన్నాను.

ఫిరోజ్ సంబరపడ్డాడు. "వాహ్ దీదీ. క్యా బనోగే? జాదూగర్నీ? యోధురాలు?"

"కుర్చీ మోసినవాణ్ణి."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "అలాంటివాడు కథలో లేడు," అన్నాడు స్తెఫను.

"కుర్చీ దానంతటది నడిచి వచ్చిందా ఒడ్డుకి? సింహాసనమంటే ప్లాస్టిక్ కుర్చీ అనుకున్నావా? మోసి మోసి నా నడుము పోయింది. నాకు బలం పాయింట్లు ఎక్కువ వెయ్యి భయ్యా."

స్తెఫను పగలబడి నవ్వాడు. కరుణమ్మ పక్క బెంచీ మీద చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కొడుకు నవ్వుకు తలెత్తింది.

ఆట మొదలైంది. ఫిరోజ్ గొంతు మార్చి చెప్పాడు. సముద్రానికి పోటు మొదలైంది. పాదాలు తడిశాయి. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. మోకాళ్ళ దాకా వచ్చాయి. సభికులు ఒడ్డు మీద నిలబడి ఇంకా పొగుడుతూనే ఉన్నారు. రాజు ఏం చేస్తాడు?

"కూర్చునే ఉంటాడు."

నేను కుర్చీ మోసినవాడిగా అన్నాను. "ప్రభూ, మీరు చెప్పదలచుకున్నది చెప్పారు. నీళ్ళు ఇక్కడితో ఆగవు. మన దీవుల్లో పసిపిల్లవాడికైనా తెలుసు. లేవండి."

"లేవను."

"ఎందుకు ప్రభూ?"

స్తెఫను పాచికను చేతిలో తిప్పాడు. తర్వాత రాజు గొంతుతోనే చెప్పాడు. "లేచాననుకో, చూశారా, మేం చెప్పినట్టే లేచాడు, మా మాట శక్తి చూడండి అంటారు. లేవబోయి పడ్డాననుకో, వీడికి విశ్వాసం చాలలేదు అంటారు. రెండిట్లో నేను లేను. అందుకని కూర్చుంటాను. మునిగితే మునుగుతాను."

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. కరుణమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కొడుకును చూస్తోంది. విశ్వాసం అన్న మాట రాజుల కథలోది కాదని ఆమెకూ తెలిసింది.

ఈ కుర్రవాడు దేవుణ్ణి కాదనలేదు. తనను దేవుని పేరుతో ఒక తారీఖుకు కట్టేయడాన్ని కాదన్నాడు. అది విశ్వాసి మాటే. దానికి జవాబు కూడా విశ్వాసపు మాటే అయి ఉండాలి.

"ప్రభూ, లేవమని ఇక అనను," అన్నాను. "దిగండి. దిగి ఇసుకలో ముఖం పెట్టి సాగిలపడండి. సముద్రాన్ని ఏలేవాణ్ణి నేను కాదు అని చెప్పడానికే కదా వచ్చారు. ఆ మాట సింహాసనం మీద కూర్చుని చెబితే ఎవడు నమ్ముతాడు?"

స్తెఫను నన్ను సూటిగా చూశాడు. "మోకాలి లోతు నీళ్ళలో సాగిలపడితే ముక్కులోకి పోవూ?"

"అల వెనక్కి వెళ్ళినప్పుడు పడుకోరా రాజా," అన్నాడు ఫిరోజ్. వెంటనే కుర్చీలో ముందుకు వంగాడు. "సునో, సునో. మాంత్రికులకి రాజు ముఖం కనబడాలి, అవునా? ముఖం నేలలో ఉంటే పోగులు వదులైపోతాయి. పాచిక వెయ్యి."

"పాచిక వద్దు," అన్నాను. "రాజు చేసిన పని ఆడేవాడూ చేస్తేనే లెక్క. లోపలికి వచ్చి బల్ల ఎక్కు. బోర్లా."

వస్తాడో రాడో నాకు తెలియదు. అతను పాచికను చొక్కా జేబులో వేసుకుని చక్రాలు తిప్పాడు.

బల్ల మీద బోర్లా పడుకున్నాక, తొడ వెనక వేళ్ళు పెట్టి చూస్తే కండరం తాడులా బిగుసుకుని ఉంది. మెల్లగా నొక్కి ఉంచాను. స్తెఫను దిండులో ముఖం పెట్టి పళ్ళు బిగించాడు. ఫిరోజ్ నేల మీద గొంతుక్కూర్చుని కథ చెబుతూనే ఉన్నాడు. అలలు రాజు వీపు మీదుగా పోయాయి. ఒక్కో పోగూ ఊడింది. పెద్ద అల ఒకటి వచ్చి సింహాసనాన్ని ఎత్తుకుపోయింది.

"నేను మోసిన కుర్చీ," అన్నాను నొక్కుతూనే.

"పోనీ దీదీ," అన్నాడు దిండులోంచి. "మీ నడుము బాగుపడుతుంది."

ఆ రోజు నుంచి మాకొక నియమం. రాజు బోర్లా ఉన్నంతసేపే కథ నడుస్తుంది. అతను లేచి కూర్చుంటే ఫిరోజ్ నోరు మూసుకుంటాడు. కూర్చునేటప్పుడు పలక ఉండాలి, కాలు దాని మీద చాపి ఉండాలి. ఫిరోజ్ దుకాణం నుంచి రాలేని రోజున ఫోను స్పీకర్లో పెట్టి కథ చెప్పేవాడు. నొప్పి ఎక్కువైన రోజులు ఉన్నాయి. ఒకసారి స్తెఫను, "దీదీ, మీరు మాంత్రికులకంటే చెడ్డవాళ్ళు," అన్నాడు. అవునన్నాను, చెయ్యి తీయలేదు. జాలిపడి చెయ్యి తీస్తే ఆ పూట సుఖంగా ఉంటుంది. కాని మోకాలు మాత్రం మళ్ళీ బిగుస్తుంది.

కాని పలక మీద కాలు చాపుకుని సంఘానికి వెళ్ళిన ప్రతి ఆదివారమూ ఎవరో ఒకరు అతని భుజం తట్టి, "క్రిస్మస్ వస్తోంది బాబూ," అనేవారు. సోమవారం కండరం మళ్ళీ తాడులా ఉండేది. ఈ విషయం పాస్టరు గారితో ఎలా మాట్లాడాలా అని నేను మాటలు కూర్చుకుంటూ ఉండగానే, సాక్ష్యాల సమయంలో కరుణమ్మ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"అందరికీ వందనాలు. నా కొడుక్కి మీరందరూ క్రిస్మస్ తారీఖు పెట్టినారు. నానూ ఆమెన్ అన్నాను. ఆ తారీఖు ఆడి మోకాలి మీద కూకుంది. ఆడు ఎప్పుడు నడవాలో దేవుడు నాకు సెప్పనేదు, మీకూ సెప్పనేదు. ప్రార్థన సెయ్యండి. తారీఖు తీసెయ్యండి. అంతే."

ఎవరూ ఆమెన్ అనలేదు. అందరూ పాస్టరు గారి వైపు చూశారు. ఆయన పాట సంఖ్య చెప్పి కూర్చున్నారు.

ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు. "పాచికలు ఆడిస్తున్నావట కదమ్మా."

"వందనాలు అయ్యగారూ. నిజమే."

"రాజు పాత్ర ఏదో ఉందట."

"కాన్యూట్ రాజు అయ్యగారూ."

"నా ప్రసంగాల్లో ఆ కథ ఎన్నిసార్లు వాడానో," అని నవ్వారు.

"మనం ఎప్పుడూ రాజు పక్కన నిలబడి ఆ కథ చెబుతాం అయ్యగారూ. ఈసారి పొగిడినవాళ్ళ పక్కన ఉన్నాం."

ఆ మాట ఆయన ముఖం చూస్తూనే అన్నాను. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పిల్లవాడి మీద ఉంచిన చెయ్యి వెనక్కి తీసుకోమంటావా?" అన్నారు.

"చెయ్యి ఉంచండి. తారీఖు తీయండి."

ఆ వారంలోనే ఆయన ఆస్టినాబాద్ వెళ్ళారు. స్తెఫను చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడట. లేవబోతే వద్దని, ఆ చాప పక్కనే మోకరించి ప్రార్థన చేశారట. నడక గురించి ఒక్క మాటా అడగలేదని కరుణమ్మ చెప్పింది. మరుసటి ఆదివారం పీఠం మీద నుంచి, తాను తొందరపడి ఒక రోజును ప్రకటించాననీ, అది దేవుని చేతిలో విడిచిపెడుతున్నాననీ చెప్పారు.

వానలు తగ్గాక ప్రోస్థటిస్ట్ వచ్చారు. మితభాషి. స్తెఫనును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద తన చెయ్యి పెట్టి, దాన్ని బల్లకేసి నొక్కమన్నారు. మోకాలు పూర్తిగా నిటారుగా రాలేదు. కొంచెం వంపు మిగిలే ఉంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఔర్ దబావ్."

స్తెఫను ఇంకా గట్టిగా నొక్కాడు. తొడ ముందు కండరం వణికింది. కరుణమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నేను నా చేతులు వెనక్కి కట్టుకున్నాను. అక్కడ ఇక నా చెయ్యి పనికిరాదు.

"ఔర్."

ఆయన తన చెయ్యి బయటికి లాగబోయారు. రాలేదు. మోకాలికీ బల్లకీ మధ్య ఇరుక్కుపోయింది. ఆయన మొదటిసారి స్తెఫను ముఖం వైపు చూశారు. "చలేగా," అన్నారు, సరిపోతుందన్నట్టు. నా వైపు తిరిగి, "బాల్టీ మంగ్వాయియే," అని బకెట్ తెప్పించమన్నారు. ఆ మిగిలిన వంపును కాలి అమరికలో సర్దుతానని చెప్పి, ప్లాస్టర్ పట్టీలు నీళ్ళలో నానబెట్టి అచ్చు తీయడం మొదలుపెట్టారు.

కృత్రిమ కాలు క్రిస్మస్‌కు రాలేదు. స్తెఫను వీల్‌చెయిర్‌లోనే ఆరాధనకు వచ్చాడు, ఎవరూ అతన్ని ముందుకు పిలవలేదు. కాలు వచ్చాక ప్యారలల్ బార్స్ మధ్య, అంటే రెండు కడ్డీల నడుమ, అడుగు అడుగుగా నేర్చుకున్నాడు. ఇప్పుడు రంగత్‌లో బోటు ఇంజన్లు బాగుచేస్తున్నాడు. అక్కడి సంఘంలో ఒక మామూలు ఆదివారం తనంతట తాను లేచి సాక్ష్యం చెప్పాడని కరుణమ్మ ఫోన్ చేసింది. ఏం చెప్పాడని అడిగితే, "బోర్లా పడుకోబెట్టినందుకు స్తోత్రం అన్నాడమ్మా. సగం మందికి అర్థమే అవనేదు," అంది.

ఈ కేసుకు ముందు నేను మోకాలిని చూసి పని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు కొత్త పేషెంటు వస్తే, ముందు ఇంటివాళ్ళను పక్కకు పిలిచి, ఇతను ఫలానా రోజుకు నడవాలని ఎవరైనా ఎక్కడైనా ప్రకటించారా అని అడుగుతాను. పెళ్ళికని కొందరు, పండక్కని కొందరు, మొక్కు ఉందని కొందరు చెబుతారు. ప్రార్థన మానమని ఎవరికీ చెప్పను, నేనూ చేస్తాను. ఆ రోజు పేరు మాత్రం ఇక అతని ముందు ఎత్తబోమని మాట తీసుకున్నాకే వ్యాయామం మొదలుపెడతాను.